పొగకుండకి కావలసిన ఊపిరి

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో మీరు బాగా చేసిన పని ఒకటి చెప్పండి, అమ్మమ్మగారూ" అంటారు. బాగా చేసిన పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. టీకా వేశాం, పిల్ల బతికింది, అంతే. తప్పు చేసిన పని అయితే గంటసేపు చెప్పుకోవచ్చు. నేను ఒకే ఏడాదిలో, ఒకే చోట, ఒకే మనుషుల దగ్గర రెండు తప్పులు చేశాను. రెండుసార్లూ నా లెక్క సరిగ్గానే ఉంది. అది 1967. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ల అయిదు నెలలు.

ఆ జూన్‌లో నన్ను హెల్త్ విజిటరుగా రేపల్లె దగ్గర ఒక ఆరోగ్య కేంద్రానికి వేశారు. మాది తెనాలి. శనివారం సాయంత్రం పాసింజరులో ఇంటికి వెళ్లి, సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేదాన్ని. రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో డైరీలో రాసుకునే అలవాటు నాది. మా కాంపౌండరుగారు పాతికేళ్ల సర్వీసున్న పెద్దమనిషి. ఒకసారి ఆ డైరీ చూసి, "ఏంటమ్మా ఇది, రైల్వే వాళ్లకి పంపిస్తావా?" అన్నారు. పంపనని చెప్పాను. "మరి ఎవరికోసం?" అన్నారు. ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. లెక్క అన్నాక ఎవరికోసమో ఎందుకుండాలి?

నాకు అప్పజెప్పిన ఊళ్లలో ఒకదాని చివర, కాలవగట్టు మీద యానాదుల గుడిసెలు ఇరవై మూడు ఉండేవి. మురుగుకాలవల్లో చేపలు పట్టడం, వరిచేల గట్లలో ఎలకలు పట్టడం వాళ్ల పని. పంట చేతికొచ్చే ముందు రైతులు వాళ్లని పిలిచేవారు. పట్టిన ఎలకలు వాళ్లవే, బొరియల్లో ఎలకలు దాచుకున్న వడ్లూ వాళ్లవే. అది తాతల నాటి ఒప్పందం.

నేను మొదటిరోజు బరువు చూసే తూకం, సూదుల పెట్టె పట్టుకుని వెళ్లేసరికి వయసు పిల్లలు ఒక్కరు కూడా కనపడలేదు. గూడెం పెద్ద ఒక్కడే గుడిసె ముందు కూర్చుని చిన్న మట్టికుండకి అడుగున చిల్లి పొడుస్తున్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి. వయసెంతో ఆయనకీ తెలియదు కాబట్టి నేను డెబ్బై అని రాసుకున్నాను.

"పిల్లలంతా ఏరి తాతా?" అన్నాను.

"నీ సూది చూసి పారిపోయారు తల్లీ. పామునైతే పట్టుకుంటారు."

"నువ్వు పారిపోలేదే?"

"పరిగెత్తే ఊపిరి లేదులే" అని నవ్వి, కుండ నా చేతికిచ్చాడు. "ఇది పొగకుండ. లోపల గడ్డి కుక్కి నిప్పేస్తాం. మూతి బొరియకి ఆనించి, అడుగున ఈ చిల్లిలోంచి ఊదుతాం. పొగ లోపలికి పోతే ఎలక ఆగలేక బయటికొస్తది. మధ్యలో ఊదడం ఆపావా, పొగ ఎదురు తిరిగి నీ కళ్లల్లోకే వస్తది."

ఊదే మనిషిని ఎంచుకోవడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒకళ్లు పక్కన నిలబడి వాళ్ల వేటపాట ఎత్తుకుంటారు. మొదటి చరణం పూర్తయ్యేదాకా ఒక్క ఊపిరితో ఊదగలిగినవాళ్లకే కుండ. "రెండేళ్లుగా ఒక్కళ్లు కూడా చరణం దాటట్లా తల్లీ. నువ్వు బరువు చూస్తావు గానీ, నేను ఊపిరి చూస్తా. మా పిల్లల ఊపిరి పోయింది" అన్నాడు.

ఆయన కేకేస్తే తుమ్మచెట్ల వెనకనుంచి ఒక పిల్ల వచ్చింది. ఆయన మనవరాలు, పదహారేళ్లుంటాయి. పాలిపోయిన మొహం. ఊదమన్నాడు. నేను చేతి గడియారం చూశాను. పదకొండు సెకన్లకి దగ్గొచ్చి ఆగిపోయింది. చరణం సగమైనా కాలేదు.

"సెకన్లంటే ఏంటి?" అని అడిగింది ఆ పిల్ల, దగ్గుతూనే.

చెప్పాను.

"పదకొండంటే తక్కువా, ఎక్కువా?"

"తక్కువే" అన్నాడు తాత, నాకంటే ముందు.

ఊపిరి ఒక్కటే కాదు, దాని వెనక అసలు సంగతి ఇంకోటి ఉందని అప్పుడే తెలిసింది. ఆ ఊళ్లో నలభై ఎకరాల ఆసామి ఒకాయన ఉన్నాడు. కిందటేడు ఆయన గట్లు శుభ్రం చేయడానికి ఈ జట్టుకి అయిదు రోజులు పట్టింది. పిల్లలు నాలుగు బొరియలకోసారి కూలబడ్డారు. ఈలోగా ఎలకలు మేయాల్సింది మేశాయి. ఈ ఏడు బాపట్ల నుంచి జీపులో ఎలకల మందు తెచ్చి రైతులకి ఇస్తారట. కోతలకి ముందు ఒక్క రోజులో నలభై ఎకరాలూ పూర్తిచేస్తే సరి, లేకపోతే మందు పెట్టుకుంటానని ఆసామి కబురు పంపాడు. ఆయన మందు పెడితే ఊరంతా పెడుతుంది. అప్పుడు ఈ పిల్లలకి ఇటుకబట్టీలే గతి.

"బట్టీకి పోయిన పిల్ల తిరిగొచ్చినా మా పిల్ల కాదు తల్లీ. పాట మర్చిపోయి వస్తది" అన్నాడు తాత.

పన్నెండు నుంచి ఇరవై ఏళ్ల లోపు వాళ్లు పందొమ్మిది మంది తేలారు. తాత దగ్గర కూర్చుంటే ఒక్కొక్కళ్లూ వచ్చి వేలు చాపారు. రక్తపు చుక్కని కాగితం మీద అద్ది, రంగుల పట్టీతో పోల్చి చూశాను. పదహారుమందికి రక్తం నీళ్లలా ఉంది. కడుపులో చేరి రక్తం పీల్చే కొంకి పురుగులు. ఊపిరి అందనిది అందుకే. తడిమట్టిలో చెప్పుల్లేని కాళ్లలోంచి ఎక్కుతాయి. గుడిసెల వెనక గట్టునే అందరూ దొడ్డికి వెళ్లేవారు, అక్కడే అందరూ నడిచేవారు. గొయ్యి తీసి మట్టి కప్పాలని తాతకి కాస్త వివరంగా బోధించబోయాను.

"తవ్వడం మాకు నేర్పుతావా తల్లీ?" అన్నాడు. మర్నాటికి కాలవ అవతల తొమ్మిది గోతులు ఉన్నాయి. నా సర్వీసులో అంత తొందరగా అమలైన సలహా ఇంకోటి లేదు.

డాక్టరుగారు పురుగుల మందు ఇచ్చారు. తరవాత రక్తం పట్టడానికి మనిషికి రోజుకొకటి చొప్పున తొంభై రోజులకి ఇనుము మాత్రలు. పదహారు తొంభైలు పద్నాలుగువందల నలభై. కాంపౌండరుగారూ నేనూ రెండుసార్లు లెక్కపెట్టి పొట్లాలు కట్టాం. ఆగస్టు మొదటివారంలో మొదలుపెట్టాం. నా లెక్క ప్రకారం కోతల వేళకి పని పూర్తవ్వాలి.

తొమ్మిదో రోజున వెళ్లేసరికి ఒక్క పిల్ల నా దగ్గరికి రాలేదు. పొట్లాలు కాలవలో తేలుతున్నాయి. గూడెం మొత్తం ఒకచోట కూర్చుని ఉంది. మధ్యలో తాత.

"రా తల్లీ, కూర్చో. మావాళ్లు నిన్నొక మాట అడగాలంటున్నారు."

అడిగింది మనవరాలే. "నర్సమ్మా, మాకు ఎలకల మందు పెట్టావా?"

నేను నవ్వేశాను. ఆ నవ్వడం తప్పు. ఎవరూ నవ్వలేదు.

జరిగింది ఇదీ. ఆ వారమే జీపు ఊళ్లోకి వచ్చి రైతులకి ఎలకల మందు చూపించింది. అది నల్లటి పొడి. మాత్రలు మొదలుపెట్టిన మూడోనాటి నుంచి ఈ పిల్లలందరికీ దొడ్డికి నల్లగా అవుతోంది. జీపూ గవర్నమెంటుదే, నేనూ గవర్నమెంటే. ఎలకలకీ, ఎలకలు పట్టేవాళ్లకీ ఒకేసారి మందు పెడుతున్నారని అనుకున్నారు. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

ఇనుము మాత్ర వేసుకుంటే అలా నల్లగా అవుతుందని నాకు తెలుసు. పాఠంలో చదువుకున్నదే. కానీ మొదటిరోజు పదహారుమందిలో ఎనిమిదిమంది మగపిల్లలు ఎదురుగా కూర్చుని ఉన్నారు. తెనాలిలో మర్యాదగా పెరిగిన నాకు వాళ్ల ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. మాత్రల సంఖ్య చెప్పాను, వేళ చెప్పాను, ఆ ఒక్కటీ మింగేశాను.

ఇప్పుడు చెప్పాను. తాత అంతా విని, "నువ్వు మింగావా ఈ మాత్ర ఎప్పుడైనా?" అన్నాడు.

"లేదు."

"మరి నల్లగా అవుతుందని నీకెట్టా తెలుసు?"

"పుస్తకంలో ఉంది తాతా."

"పుస్తకం మింగిందా?"

ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తాత లేచి నిలబడి తీర్పు చెప్పాడు. రేపటినుంచి నర్సమ్మా, తనూ అందరి ఎదుటా రోజుకో మాత్ర మింగాలి. నాలుగోరోజు పొద్దున ఇద్దరం వచ్చి అందరికీ చెప్పాలి. తరవాత ఎవరి ఇష్టం వాళ్లది.

నాలుగోరోజు శనివారం. ఎనిమిదింటికల్లా వెళ్లాను. తాత నన్ను మధ్యలో నిలబెట్టి, చెవిటి ముసలమ్మలకి కూడా వినపడేలా, "చెప్పు తల్లీ. ఏ రంగు?" అన్నాడు.

అలాంటి సంగతి అంత గట్టిగా, అంతమంది ముందు నేను అంతకు ముందు చెప్పలేదు, ఆ తరవాతా చెప్పలేదు. "నలుపు" అన్నాను.

"నాదీ అంతే!" అన్నాడు తాత.

గూడెం గూడెమంతా పగలబడి నవ్వింది. మనవరాలు నవ్వలేక కింద కూర్చుండిపోయింది. ఆ రోజునుంచి నన్ను చూసి ఎవరూ పారిపోలేదు. కేంద్రానికి తిరిగొచ్చాక కాంపౌండరుగారు సంగతంతా విని, నీళ్లపాలైన మాత్రలకి బదులు కట్టిస్తూ, "ఇది కూడా డైరీలో రాశావా?" అని అడిగారు. రాశానని చెప్పాను. "రంగు కూడా?" అన్నారు. నేను పొట్లాలు సంచిలో సర్దుకున్నాను. రాశాను.

మొత్తం మీద పదమూడు రోజులు పోయాయి. అక్కణ్ణించి పని నేను నడపలేదు, తాత నడిపాడు. పొద్దు వాలే వేళకి అందరూ గట్టు మీదికి రావాలి. చేపలపులుసుతో అన్నం తిని మాత్ర మింగాలి. ఉత్తి కడుపుతో మింగితే తిప్పుతోందని ఆయన కనిపెట్టిన పద్ధతి అది. పులుసు మంచిదేనని డాక్టరుగారు తరవాత చెప్పారు. మింగాక నోరు తెరిచి చూపించాలి. అప్పుడు కుండ. "మాత్ర మింగనోడికి కుండ లేదు, కుండ ఊదనోడికి పాట లేదు" అనేవాడు. ఆ వయసువాళ్లకి పాట లేదనడం పెద్ద శిక్షే. ముసలమ్మలు డప్పులు తెచ్చుకుని వచ్చేవారు. వారానికి రెండుసార్లు నేను గడియారం పట్టుకుని కూర్చునేదాన్ని.

మనవరాలు పదకొండు నుంచి పద్నాలుగుకి వచ్చింది. దసరాలకి పందొమ్మిది. దీపావళి వెళ్లిన వారానికి ఒక సాయంత్రం దగ్గకుండా చరణం చివరిదాకా ఊదేసి కుండ దించింది. ఇరవై ఏడు సెకన్లు. గంతులేద్దామని లేచింది. తాత పాట ఆపలేదు. రెండో చరణం ఎత్తుకున్నాడు.

ఆ పిల్ల తెల్లబోయింది. "దీనికింకా ఉందా?"

"ఉంది. మూడు చరణాలు."

"ఎప్పుడూ పాడలేదే!"

"అందాకా ఊదేవాళ్లు లేక మీరు పుట్టకముందే ఆపేశానే. ఊపిరి లేనిచోట పాటెందుకు పొడుగు?"

చుట్టూ ఉన్న పందొమ్మిది మందీ ఆ రెండో చరణం వినడం అదే మొదలు. నేను ముసలమ్మల వైపు చూశాను. ఒకావిడ పెదాలు కదుపుతూ తాతతోపాటు పాడుతోంది. ఆవిడకి గుర్తుంది. ఆ నెలలో గూడెంలో పిల్లల రక్తంతోపాటు పాట కూడా పెరిగింది. ఎన్ని పంక్తులు పెరిగిందో నా దగ్గర రాసి ఉంది, ఇరవై రెండు.

ఆసామి పెట్టిన ఒక్కరోజు పందెంలో మొదటి కుండ ఊదే పని మనవరాలిదేనని తాత చెప్పినప్పుడు మగపిల్లల్లో ఒకడికి కోపం వచ్చింది. "ఆడపిల్ల తవ్వుద్ది గానీ ఊదడం ఏంటి? ఎక్కడన్నా ఉందా?"

"నర్సమ్మ గడియారాన్ని అడగరా. నీది ఇరవై రెండు, దానిది ఇరవై తొమ్మిది. కుండకి నీ మీసం కనపడదు" అన్నాడు తాత. ఆ కుర్రాడికి మీసం అప్పటికి కొద్దిగానే ఉంది. అందువల్ల నవ్వు ఇంకాస్త ఎక్కువైంది.

పందెం నవంబరు నెలాఖరున. నేను ఆ రోజుకీ, ముందురోజుకీ సెలవు పెట్టాను. ఎందుకంటే ఆసామి స్వయంగా ఆరోగ్య కేంద్రానికి వచ్చి, "వాళ్ల లెక్క నేను నమ్మను, నా లెక్క వాళ్లు నమ్మరు. మీరు లెక్క మనిషని ఊరంతా చెబుతోంది నర్సమ్మగారూ, మీరే చూడండి" అన్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

ముందురోజు ఆసామి పాలేరుని వెంటపెట్టుకుని నలభై ఎకరాల గట్లూ తిరిగాను. ఎక్కడ బొరియ కనపడితే అక్కడ కందికట్టె ఒకటి పాతించాను. నూట పన్నెండు కట్టెలు. మర్నాడు పొద్దుగూకేలోగా నూట పన్నెండు చోట్లా పొగపెట్టి, తవ్వి, గట్టు మళ్లీ పూడ్చి, కట్టె పీకెయ్యాలి. ఒక్క కట్టె నిలబడి ఉన్నా మందే. ఇదీ మాట.

తెల్లారేసరికి జట్టు చేలో ఉంది. మనవరాలు కుండ ఆనించి ఊదడం మొదలుపెడితే, పక్కన ఇద్దరు బయటి దారుల దగ్గర కాపు, ఇంకో ఇద్దరు గునపాలతో తయారు. అలాంటి జట్లు మూడు, కుండలూ మూడు. ఒకచోట పాట ఆగేలోగా ఇంకోచోట ఎత్తుకునేవాళ్లు. పదిగంటలకి ముప్పై ఒకటి. మధ్యాహ్నం అన్నాలకి అరవై. కిందటేడు నాలుగింటికోసారి కూలబడినవాళ్లు ఆ రోజు అన్నం కూడా నిలబడే తిన్నారు. మీసం కుర్రాడు ఒకసారి పొగ మింగి ఉక్కిరిబిక్కిరైతే, "ఏంరా, మీసానికి మసి అంటిందా?" అని మనవరాలు వెక్కిరించి కుండ లాక్కుంది. నాలుగు దాటేసరికి నేను గట్టుమీద కూర్చోలేక నడుస్తున్నాను. వాళ్ల అలసట కంటే నా కంగారు ఎక్కువైంది.

పొద్దు ఇంకా బారెడు ఉండగానే జట్టంతా కాలవలో కాళ్లు కడుక్కుంటూ కనపడింది. అయిపోయిందట. నవ్వులు, కేకలు. ఆసామి వచ్చాడు. పీకిన కట్టెల మోపు నేను లెక్కపెట్టాను. నూట తొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టాను. నూట తొమ్మిదే.

తలెత్తి చూస్తే, తూర్పుగట్టు చివర మూడు కట్టెలు నిలబడి ఉన్నాయి.

అబద్ధం చెప్పాలని అనిపించలేదని చెబితే అదే పెద్ద అబద్ధం అవుతుంది. ఆసామి చూపు ఇంకా అటు పోలేదు. కానీ లెక్క మనిషినని పిలిపించుకుని వచ్చినదాన్ని. "మూడు మిగిలాయండీ" అన్నాను. ఆయనకి వినపడలేదు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

కాలవ దగ్గర కేకలు ఆగిపోయాయి.

"మాట మాటేరా పెద్దోడా" అన్నాడు ఆసామి తాతతో. ఆయన గొంతులో సంతోషం లేదు. ఆ రోజంతా ఆయనా పాట వింటూ గట్టుమీద కూర్చున్నవాడే.

"మాట మాటే దొరా. ఏ మూడో చూపించండి" అన్నాడు తాత.

అందరం తూర్పుగట్టుకి నడిచాం. మొదటి కట్టె దగ్గర ఆగి బొరియ చూపించాను. మనవరాలు వంగి చూసి, నా మొహం చూసి, మళ్లీ బొరియ చూసింది.

"నర్సమ్మా, ఇది నువ్వే పాతించావా?"

"నేనే."

ఆ పిల్ల గట్టుమీద బోర్లాపడుకుని భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టింది. పాముందేమో, చెయ్యి తియ్యమని అరిచాను. చెయ్యి బయటికి తీసేసరికి, రెండు వేళ్ల మధ్య కాళ్లాడిస్తూ ఒక ఎండ్రకాయ.

రెండో దాంట్లో ఇంకోటి. మూడో దాంట్లో అన్నిటికంటే పెద్దది.

"మీ లెక్కలో ఎండ్రకాయలు కూడా ఎలకలేనా అమ్మా?" అని మొదట నవ్వింది ఆసామే. బొజ్జ పట్టుకుని గట్టుమీద కూర్చుండిపోయాడు. తరవాత ఇంక ఎవరి నవ్వు ఎవరిదో తెలియలేదు. నేను పాలేరు వైపు తిరిగి, "నీకు తెలియదా ఇవి ఎలక బొరియలు కావని?" అన్నాను.

"తెలుసండి."

"మరి చెప్పవేం?"

"తమరు చదువుకున్నోరండి. పాతమన్నారు, పాతానండి."

ఆసామి కళ్లు తుడుచుకుని పాలేరుతో, "ఆ నల్లపొడి డబ్బా మనింట్లో ఉంది చూడు, ఈసారి జీపొస్తే వాళ్లకే ఇచ్చెయ్. పై ఏడు కోతలకి కూడా వీళ్లే" అన్నాడు. తాత వంగి నేలనంటి దణ్ణం పెట్టాడు, ఆసామికో, గట్టుకో నాకు తెలియలేదు. నేను తలదించుకుని నిలబడి ఉంటే నా దగ్గరికి వచ్చాడు.

"నా లెక్క తప్పింది తాతా" అన్నాను.

"లెక్క తప్పలేదు తల్లీ. నూట పన్నెండు కొంపలూ ఉన్నాయి. ఎవరి కొంపో అడగలేదు, అంతే."

మూడు ఎండ్రకాయల్నీ గడ్డితో కట్టి మనవరాలు నా ముందుకి తెచ్చింది. "తీసుకో నర్సమ్మా. నువ్వు కనిపెట్టినవేగా."

"వద్దమ్మా. మా ఇంట్లో తినరు."

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"తిననిదానివి లెక్కెందుకు పెట్టావమ్మా?" అని, ఎండ్రకాయల్ని భుజాన వేసుకుని, పాట ఎత్తుకుంటూ వెళ్లిపోయింది.